నార నుంచి ఆన్‌లైన్ దాకా: సరిహద్దు జిల్లాల్లో ‘లైను’

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో బడి ముఖం చూడని పెద్దవాళ్లు కూడా రోజూ పలికే ఆంగ్ల పదాల్లో ‘లైను’ ఒకటి. రేషను లైను, కరెంటు లైను, ఫోను లైను, గుణుపురం లైను, నాలుగు లైన్ల రోడ్డు. ఇన్ని చోట్ల వాడినా వినేవాళ్లు తికమకపడరు. ఏ లైనో పక్కనున్న మాటే చెప్పేస్తుంది. అయితే ఈ అర్థాలన్నీ ఆంగ్లం నుంచి ఉన్నవి ఉన్నట్టుగా దిగుమతి అయ్యాయనుకుంటే పొరపాటే. ఆంగ్లంలో ఆ మాటకున్న అర్థాల్లో చాలా వాటిని తెలుగు తాకనే లేదు. తీసుకున్న కొన్నింటిని మాత్రం తనకు కావలసినట్టు మలచుకుంది. ఏవి వచ్చాయి, ఏవి రాలేదు అని ఒక్కొక్కటే చూస్తూ పోతే ఈ ఎంపిక వెనక ఒక పద్ధతి ఉందని తెలుస్తుంది.

ముందు ఆంగ్లంలో దాని పుట్టుక. లాటిన్‌లో ‘లీనుమ్’ అంటే అవిసె మొక్క. నార కోసం, నూనె గింజల కోసం పెంచే పైరు. ఆ నారతో పేనిన దారం ‘లీనియా’. తాపీ పనివాళ్లు గోడ తిన్నగా రావడానికి ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి కట్టే దారం లాంటిది. దారం పోయినా దాని వెంట ఏర్పడిన జాడ మిగులుతుంది కనుక గీతకూ అదే పేరు అయింది. గీత వెంట మనుషులు నిలబడితే వరుస. కాగితం మీద అక్షరాలు నిలబడితే పంక్తి. తండ్రి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి మనవడికి సాగితే వంశం. ఇలా అర్థం నుంచి అర్థానికి పాకుతూ ఆంగ్లంలో ఆ మాట ఎంత విస్తరించిందంటే, పద్యపాదం, నటుడు వల్లించే సంభాషణ, చేపలు పట్టే గేలపు తాడు, సైన్యపు మోహరింపు, నావికుల నోట భూమధ్యరేఖ, నాలుగు ముక్కల్లో రాసే ఉత్తరం, అన్నీ దాని కిందికే వచ్చాయి.

పాత అర్థానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వాడుక దర్జీ దుకాణంలో ఉంది. బరంపురం పట్టుచీర మీదికి రవికె కుట్టించేటప్పుడు లోపల వేసే పలుచని గుడ్డను ‘లైనింగ్’ అంటారు. ఐరోపాలో ఒకప్పుడు ఉడుపులకు లోపలి వైపు అవిసెనార బట్ట వేసేవారు. ఆ నార పేరే పనికీ పేరయింది. దర్జీ లైనింగ్, రైల్వే లైను ఒకే మొక్క నుంచి పుట్టాయంటే నమ్మబుద్ధి కాదు. తెలుగువాళ్లకు అవి ఏ సంబంధమూ లేని రెండు మాటలు. దుకాణం నుంచి ఒకటి, స్టేషను నుంచి ఒకటి వేరువేరుగా వచ్చాయి కనుక అలా ఉండటమే సహజం.

దారం నుంచి అర్థం పెరగడం మనకు కొత్త సంగతేమీ కాదు. సంస్కృతంలో సూత్రం అంటే దారమే. అదే నియమం అయింది, కొద్ది అక్షరాల్లో చెప్పిన శాస్త్రవాక్యం అయింది, నాటకాన్ని నడిపేవాడికి సూత్రధారి అని పేరు తెచ్చింది. వీణకు బిగించే తంతి టెలిగ్రాఫు తీగ అయింది. ఆ తీగ మీద వచ్చిన వార్త కూడా తంతే అయింది. ‘తంతి వచ్చింది’ అంటే ఇంట్లో గుండెలు ఝల్లుమనే రోజులుండేవి. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. దానితో ఆ వాడుకా చరిత్రలోకి జారిపోయింది. టెలిఫోను వచ్చినప్పుడు తెలుగు తంతిని కొనసాగించకుండా ‘లైను’ను పిలుచుకుంది.

ఆంగ్లం ఒక్క మాటతో నడిపిన పనులకు తెలుగులో విడివిడి మాటలు ముందే ఉన్నాయి. నేల మీదో గోడ మీదో గీస్తే గీత. గణితంలో, చేతిలో, పటంలో రేఖ. గుడ్డ మీద చార. పొలంలో నాగలి వెంట పడేది సాలు. పుస్తకంలో పంక్తి. పద్యంలో పాదం. పిట్టలు ఎగిరితే బారు. విస్తళ్ల ముందు కూర్చున్న జనం బంతి. చుట్టరికానికి వరుస, వంశం. చేపకు గేలం. ఇంత సంపద ఉన్నప్పుడు పరాయి మాటకు ఆ చోట్ల పని దొరకదు. బడిపిల్లల నోటుపుస్తకం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో అచ్చువేసిన గీతలను ఆంగ్లంలో లైన్లనే అంటారు. తెలుగు పిల్లలు మాత్రం ‘రూళ్ల పుస్తకం’ అంటారు, గీతలు గీసే కర్రను రూళ్లకర్ర అంటారు. గీత అనే అర్థానికి ఆంగ్లం నుంచి అప్పు తేవలసి వచ్చిన చోట కూడా తెలుగు ‘లైను’ను వదిలి ‘రూలు’ను పట్టుకుంది. ఈ మధ్య బట్టల దుకాణాల్లో ‘లైన్ల చొక్కా’ అనే మాట వినిపిస్తోంది కానీ, చారల చొక్కా, గీతల చొక్కా ఇంకా చెలామణిలోనే ఉన్నాయి.

అలాంటప్పుడు ‘లైను’ ఏ పనికి వచ్చింది? రైలుతో మొదలుపెట్టాలి. పర్లాకిమిడి రాజులు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఒడిశాలో ఉన్నాయి. గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, మార్చడం కోసం 2004లో ఆ లైను ఆపేశారు. పెద్ద పట్టాలతో 2011లో మళ్లీ గుణుపురం దాకా రైలు వచ్చింది. ఇక్కడ ‘పట్టాలు’, ‘లైను’ అనే రెండు మాటల వాడుకలో ఉన్న తేడాను గమనించాలి. పట్టాల మీద నడవవద్దని పిల్లలను హెచ్చరిస్తారు. గేజి పనులకు మూతపడింది మాత్రం లైను. పట్టాలంటే కంటికి కనిపించే ఇనుము. లైనంటే ఇక్కడి నుంచి అక్కడికి చేర్చే దారి. కొరాపుట్, జయపురం మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని అందరూ ‘కేకే లైను’ అంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన దారి అది. దాని పేరులోనూ ప్రధానం దారే.

రైల్వే నుంచి వచ్చిన మరో మాట తెలుగులో చాలా దూరం ప్రయాణించింది. అది ‘లైన్ క్లియర్’. ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా రాకూడదు. అందుకని ఒక స్టేషను మాస్టరు రైలును వదిలే ముందు తరవాతి స్టేషనును అడగాలి. దారి ఖాళీగా ఉందని వాళ్లు ఒప్పుకుంటేనే లైన్ క్లియర్ దొరికినట్టు. పాత పద్ధతిలో దానికి గుర్తుగా యంత్రం నుంచి ఒక గోళమో బిళ్లో బయటికి వచ్చేది. దాన్ని చేతికి అందుకోనిదే డ్రైవరు బండి కదిపేవాడు కాదు. ఆంగ్లేయుల దేశంలో ఈ మాట దాదాపుగా సిగ్నల్ గదుల్లోనే ఉండిపోయింది. మన పత్రికలు దాన్ని రాజకీయాల్లోకి, కోర్టు తీర్పుల్లోకి తెచ్చాయి. పదవికి అడ్డంకి తొలగితే లైన్ క్లియర్, వంతెనకు అటవీ శాఖ అనుమతి వస్తే లైన్ క్లియర్. మార్గం సుగమమైందని పాత పత్రికలు రాసేవి. ఆ ‘మార్గం’ ఉన్న చోట ఇప్పుడు ‘లైను’ నిలిచింది. ఇది ఆంగ్లాన్ని పాడుచేయడమని కొందరు విసుక్కుంటారు. ఆ విసుగు న్యాయమైనది కాదు. స్టేషను మాస్టరు పనిని దగ్గరగా చూసిన జనం అందులోని భావాన్ని సరిగ్గా పట్టుకున్నారు. ఎవరో అవతలి నుంచి ఒప్పుకుంటే తప్ప బండి కదలదన్న భావం అది.

‘దారి’ మెల్లగా ‘లైను’ అయిన చోట్లు ఇంకా ఉన్నాయి. ‘అబ్బాయి ఏ లైనులో ఉన్నాడు?’ అని అడిగితే ఏ వృత్తిలో అని. చెదిరిన పనిని, తప్పిపోతున్న మనిషిని ‘లైనులో పెట్టడం’ అంటే దారిలో పెట్టడమే. లారీ డ్రైవరు ఇంట్లో లేకపోతే ‘లైను మీద ఉన్నాడు’ అంటారు. టోకు దుకాణాల తరఫున సరుకు పంచే కుర్రాళ్లకు సోమవారం ఒక లైను, మంగళవారం ఒక లైను. ఊళ్లను కలుపుతూ వాళ్లు తిరిగే దారికే ఆ పేరు. సినిమావాళ్లు కథ నడకను ‘లైను’ అంటారు. వీటిలో ఎక్కడా కాగితం మీద గీసిన గీత గుర్తుకు రాదు. ఏదో ఒకటి కదిలి వెళ్లే తోవ మాత్రమే గుర్తుకు వస్తుంది. ఆంగ్లంలో ఆ మాటకు నడిబొడ్డు దారం, గీత. తెలుగులోకి వచ్చేసరికి నడిబొడ్డు మారిపోయి దారి అయింది.

ఈ చూపుతో పరిశీలిస్తే రాని అర్థాలు ఎందుకు రాలేదో కూడా చాలావరకు తేలుతుంది. సముద్రం సంగతి తీసుకుందాం. గంజాం తీరంలోని గోపాలపురం నుంచి ఒకప్పుడు కూలి కోసం వేలాది మంది రంగానికి వెళ్లారు. రంగం అంటే రంగూన్. ఆంగ్లంలో ఓడల కంపెనీ కూడా లైనే, దాని నుంచే ‘లైనరు’ పుట్టింది. అయినా ‘స్టీమరు’ తెలుగువారి నోట నిలిచిందే గానీ ఓడల ‘లైను’ నిలవలేదు. నేల మీద పరిచిన పట్టాల్లా నీటి మీద పరిచిన దారి కంటికి ఆనదు. ప్రయాణికుడికి కనిపించింది ఓడ ఒక్కటే. అదే తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులను ఒడియావారు నోలియాలంటారు. గేలపు తాడును ఆంగ్లంలో లైను అంటారని వారు పట్టించుకోవలసిన అవసరమే కలగలేదు. గేలం, వల, తాడు అన్నీ వారి సొంత మాటలే.

ఈ లెక్కకు లొంగనిది ఒకటుంది. ‘పోలీస్ లైన్’ అంటే పోలీసుల ఇళ్ల వరుస. అస్సాం తేయాకు తోటల్లో కూలీల ఇళ్ల వరుసలను కూడా లైన్లనే పిలిచారు. గంజాం, విశాఖ మన్యాల నుంచి ఆ తోటలకు వలసవెళ్లిన సవరలకు, తెలుగువారికి అవి కొత్త నివాసాలయ్యాయి. ఇక్కడ కదిలేది ఏదీ లేదు. ఇవి సైన్యం, కంపెనీలు పెట్టిన పేర్లు. ఊరి పేరులాగే వాటిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నారు.

కరెంటు దగ్గర తెలుగు, ఒడియా చెరొక దారి పట్టడం మరీ ఆసక్తికరం. కొరాపుట్ కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాన్ని ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్నాయి. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాన్ని ప్రారంభించారు. ఒకే కేంద్రం, ఒకే నీరు. తీగలు మాత్రం రెండు రాష్ట్రాలకూ వెళ్లాయి. దీపం ఆరిపోతే తెలుగువారు ‘కరెంటు పోయింది’ అంటారు. ఒడియావారు ఎక్కువగా ‘లైన్ కటిగలా’ అంటారు, దీపం వెలగకపోతే ‘లైన్ నాహిఁ’ అంటారు. తీగలో పారేదాన్ని తెలుగు పట్టుకుంది. పారించే తీగను ఒడియా పట్టుకుంది. రెండూ ఆంగ్ల పదాలే. ఆంగ్లేయుడు మాత్రం ఈ సందర్భంలో ఆ రెంటినీ వదిలి ‘పవర్’ అనే మూడో మాట వాడతాడు. బరంపురం, పర్లాకిమిడి తెలుగువారికి రెండు వాడుకలూ చెవికి అలవాటే. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చినవారు మాత్రం ‘లైన్ నాహిఁ’ అనగానే ఫోను సంగతేమోనని ఒక క్షణం ఆగుతారు.

తెలుగులో కరెంటు లైను అంటే స్తంభాలు, తీగలు, వాటిని ఊరి దాకా తెచ్చిన ఏర్పాటు. దాన్ని కాపాడేవాడు లైన్‌మాన్. 2013లో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను, 2018లో శ్రీకాకుళం, గజపతి జిల్లాలను ఊపేసిన తిత్లీ తుపాను స్తంభాలను నేలకూల్చాయి. చీకట్లో మగ్గిన పల్లెల్లో అప్పుడు ‘మన లైను పడిందా?’ అన్న ప్రశ్నకు మించింది లేదు. వానలో, బురదలో స్తంభం ఎక్కి ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన లైన్‌మాన్లకు రావలసినంత గుర్తింపు రాలేదు.

ఫోను విషయంలో ‘లైను’ పట్టుదల చూడాలి. తీగ ఉన్న రోజుల్లో లైను కలిసేది, తెగేది, ఖాళీ లేకుండా ఉండేది. సెల్‌ఫోనుకు తీగ లేదు. అయినా ‘లైనులో ఉండండి’, ‘లైను కలవడం లేదు’ అనే మాటలు చెక్కుచెదరలేదు. మాట వెళ్లే దారి ఉంది కనుక లైను ఉంది. తీగ ఉందా లేదా అన్నది తెలుగు పట్టించుకోలేదు.

నిలబడే జనం సంగతి మరింత సూక్ష్మం. పెళ్లిలో కూర్చుని తింటే బంతి. ‘మొదటి బంతి లేచింది’ అంటారు. పళ్లెం పట్టుకుని నిలబడి తినే విందు వచ్చాక అక్కడ బంతి పోయి లైను వచ్చింది. బంతిలో ఎవరి చోటు వారిదే, వడ్డించేవాడు నడుస్తాడు. లైనులో వడ్డన ఒక చోటే ఉంటుంది, మనిషి నడుస్తాడు. రెంటినీ ఒకే మాటతో పిలవకపోవడం తెలుగు చూపిన జాగ్రత్త. ఇక గుడి దగ్గరికి వస్తే, బ్రిటన్‌వారి ‘క్యూ’ను, అమెరికావారు అదే అర్థంలో వాడే ‘లైను’ను కలిపి తెలుగువారు ‘క్యూలైను’ చేశారు. ఇది ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పడమని తీసిపారేయకూడదు. తిరుమలలోనైనా, రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గరైనా ‘క్యూలైన్లు ఏర్పాటు చేశారు’ అంటే భక్తులను నిలబెట్టారని అర్థం రాదు. కర్రలతోనో ఇనుప గొట్టాలతోనో వారు నడిచే దారిని కట్టారని అర్థం. మనుషుల వరుస క్యూ, వారు సాగే దారి లైను.

రోడ్డు మీద మరో కలయిక జరిగింది. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళుతుంది. ఆంగ్లంలో దాని వెడల్పును ‘లేన్ల’లో చెబుతారు. తెలుగు నోట అది నాలుగు లైన్ల రోడ్డు. లేన్, లైన్ అనేవి వేరువేరు పుట్టుకల మాటలు. ఉచ్చారణ దగ్గరగా ఉండటంతో ఒకటి రెండోదానిలో కలిసిపోయింది. రెండూ దారులే కనుక కలవడానికి అడ్డం రాలేదు. బరంపురం గాంధీనగర్‌లో వీధులను లేన్లుగా లెక్కపెడతారు. గుంటూరు బ్రాడీపేటలో అవే లైన్లు.

సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నోరు మెదపదు. అమెరికాలో రాష్ట్రాల హద్దును లైను అంటారు. దేశాల మధ్య మెక్‌మహన్, రాడ్‌క్లిఫ్ పేర్లతో గీసినవీ లైన్లే. తెలుగు పత్రికలు వాటిని రేఖలంటాయి. జనం బోర్డరు అంటారు, పొలిమేర అంటారు, హద్దు అంటారు. ‘లైను దాటి ఒడిశా వెళ్లాడు’ అని తెలుగులో ఎవరూ అనరు. హద్దు మనిషిని ఆపేది, లైను మనిషిని తీసుకువెళ్లేది. అందుకే ఒకదాని పేరు మరొకదానికి అతకలేదు.

ఆ హద్దు పడిన తీరు ఈ ప్రాంతపు తెలుగువారిలో నేటికీ ఒక నొప్పి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పట్టణం ఒరిస్సాకు, టెక్కలి వైపు భూమి మద్రాసుకు వెళ్లాయి. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి రైలు లైను ఎప్పటిలాగే సాగింది, దాని అడ్డంగా హద్దు వచ్చింది. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో దశాబ్దాలు గడిపినవారు. ఆ విభజనను ఒప్పుకోలేక అదే ఏడాది రాజమహేంద్రవరం తరలివెళ్లారు. కొరాపుట్ వైపు కొటియా గ్రామాలు ఎవరివన్న ఆంధ్ర, ఒడిశాల తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నేటికీ తెగలేదు. రెండు రాష్ట్రాల అధికారులూ అక్కడికి వస్తారు, రెండు రాష్ట్రాల పథకాలూ వస్తాయి.

ఇటీవలి వాడుక ‘ఆన్‌లైన్’. ఆంగ్లంలో అది స్థితిని చెప్పే మాట. తెలుగు రైతు నోట అది పని అయింది: ‘పొలం ఆన్‌లైన్ అయిందా?’ భూమి వివరాలు ప్రభుత్వ కంప్యూటరులోకి ఎక్కాయా అని దాని అర్థం. ఎక్కకపోతే అప్పు పుట్టదు, పరిహారం రాదు. హద్దుకు అటూ ఇటూ పొలాలున్న కుటుంబానికి ఒక చెక్క ఆంధ్ర దస్త్రాల్లో, మరో చెక్క ఒడిశా ‘భూలేఖ్’లో ఆన్‌లైన్ కావాలి. ఒకచోట తెలుగు అక్షరాలు, మరోచోట ఒడియా అక్షరాలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాధ్యమంలో చదివిన పిల్లలే చాలా ఇళ్లలో ఈ కాగితాలు చదివిపెడుతున్నారు.

ఆ పిల్లలకు ఆంగ్ల పాఠంలో ఈ మాట ఎదురైనప్పుడు ఒడియా గురువు ‘ధాడి’ అనో ‘గార’ అనో చెబుతారు. ధాడి అంటే వరుస, గార అంటే గీత. పిల్లవాడి ఇంటి భాషలోని లైను ఆ రెంటిలోనూ లేదు. ఈ లోటు తీరడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఇదే పర్లాకిమిడిలో గిడుగు సవర పల్లెల జనం నుంచి భాష నేర్చుకుని, 1930లలో ఇంగ్లీషు–సవర, సవర–ఇంగ్లీషు నిఘంటువులు వెలువరించారు. తెలుగు, ఒడియా, ఆంగ్లం మూడింటి వాడుకనూ పక్కపక్కన చూపే చిన్న పదకోశాన్ని ఈ జిల్లాల తెలుగు ఉపాధ్యాయులు పూనుకుంటే తయారు చేయగలరు. అందులో ‘లైను’ దగ్గర తెలుగు వైపు మొదట రాయవలసిన అర్థం దారి. ఒడియా వైపు కరెంటు కూడా చేరాలి.